ల్యాప్‌టాపులో హార్డ్‌డిస్కు కనబడనపుడు

ఒకప్పుడు మన యిండ్లలో డిజైను అట్టల కట్టలను అటక మీద పెట్టి, ఎలుకలు కొట్టకుండ, చెమ్మ తగులకుండ కాపాడుకొనుచుండెడివారము. కట్టలో ఒక్క అట్ట చినిగినను, నేత ఆ పేక దగ్గరకు వచ్చుసరికి పువ్వు చెడి కనబడెడిది. తప్పెక్కడ జరిగినదో గుడ్డయే చెప్పెడిది. ఇప్పుడు చాలచోట్ల ఆ అట్టల పని ల్యాప్‌టాపు చేయుచున్నది. సోలాపురములో తువ్వాళ్లు, దుప్పట్లు నేయించువారి యిండ్లలోను, భివండి మరమగ్గముల షెడ్లలోను, బెంగుళూరు, సేలం, బరంపురములలో పట్టు నేయించు కుటుంబములలోను డిజైనులు, బాకీల చిట్టా, జి.ఎస్.టి. బిల్లులు అన్నియు ఒక చిన్న పెట్టెలోనికి చేరినవి. ఆ పెట్టె యొకనాడు తెరవగానే "డిస్కు లేదు" అనినచో ఏమి చేయవలెనో మనలో అనేకులకు తెలియదు. దాని గురించియే ఈ వ్యాసము.

గత సంవత్సరము పెండ్లిండ్ల ముందు నేనెరిగిన యొక కుటుంబమున ఇట్లే జరిగినది. 8 ఏండ్లుగా గీయించిన తువ్వాళ్ల డిజైనులన్నియు ఒకే ల్యాప్‌టాపులో నున్నవి. ఉదయము తెరచి చూడగా నల్లని తెర మీద తెల్లని అక్షరములు: "బూట్ డివైస్ నాట్ ఫౌండ్." చిన్న కుమారుడు దానిని బజారులోని యొక రిపేరు దుకాణమునకు తీసికొనిపోయెను. వారు ఐదు నిమిషములు చూచి, "డిస్కు చచ్చిపోయినది, కొత్తది వేసెదము, పాతది మాకు వదలుడు" అనిరి. ఇంటి పెద్దాయన అందుకు ఒప్పుకొనక పెట్టెను తిరిగి యింటికి తెప్పించెను. మేము వెనుక మూత విప్పి చూడగా డిస్కును లోపలి పలకకు కలుపు సన్నని బల్లపరుపు తీగ ఒకవైపు వదులై యున్నది. దానిని సరిగా నొక్కి మరల మూత వేసితిమి. పెట్టె తెరచుకొన్నది. 8 ఏండ్ల పని ఎక్కడిదక్కడనే యున్నది.

వేరొక యింట ఇంత అదృష్టము కలుగలేదు. అక్కడ డిస్కు బాగుగనే యున్నది గాని, దాని లోపలి సూచిక చెడినది. తెర మీద "ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను" అని రాగా, యంత్రమే చెప్పుచున్నది గదా యని ఆ ఇంటి కుర్రవాడు "సరే" అని నొక్కెను. ఆపై దాని మీదనే కొత్తగా విండోసు వేయించిరి. తరువాత ఆ కుటుంబమువారు అమ్మగా మిగిలిన పాత నమూనా గుడ్డలు వెదకి తెచ్చుకొని, భూతద్దముతో పోగు పోగు లెక్కించి, డిజైనులను మరల గ్రాఫు కాగితము మీదికి ఎక్కించుకొనవలసి వచ్చినది. గుడ్డ దొరకని డిజైనులు దొరకనే లేదు.

ఈ రెండు ఇండ్లలోను మొదటి నాడు వినబడిన మాట ఒక్కటే: "డిస్కు కనబడుట లేదు." కనబడకపోవుట వేరు, పోవుట వేరు. ఈ భేదము తెలియుటకు డిస్కు లోపలి సంగతి కొంచెము తెలిసికొనవలెను.

ఫ్రాన్సు దేశమున లియోన్ పట్టణములో జోసెఫ్ మరీ జాకార్డు 1804 ప్రాంతమున తన మగ్గమును సిద్ధము చేసినపుడు, అట్టలోని రంధ్రము ఉన్నచో కొక్కెము లేచును, లేనిచో లేవదు. ఉన్నది, లేదు: ఈ రెండు గుర్తులతోనే పువ్వంతయు వ్రాయబడెను. అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హోలరిత్ అను నతడు రంధ్రములు గల అట్టలనే ఉపయోగించెను. 1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు మొదటి డిస్కు యంత్రమును బయట పెట్టిరి. అందులో 24 అంగుళముల వెడల్పు గల పళ్లెములు 50 ఉండెడివి. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములు దాచెడివి. బరువు ఒక టన్నుకు పైమాట. ఇప్పటి ల్యాప్‌టాపు డిస్కు రెండున్నర అంగుళములది. ఉన్నది, లేదు అను గుర్తులను రంధ్రములకు బదులు అయస్కాంతపు చుక్కలుగా దాచుచున్నది. కావున మన వృత్తికి ఇది పరాయి వస్తువు కాదు. మన అట్టల వంశములోనిదే.

అట్టల కట్టలో రెండు సంగతులు గలవు: అట్టలు, వానిని వరుసగా కుట్టిన దారము. దారము తెగినచో అట్టలన్నియు ఇంటిలోనే యుండును, వరుస మాత్రము పోవును. డిస్కులో దారమువంటిది సూచిక. ఏ భాగము ఎక్కడ మొదలగును, ఏ ఫైలు ఎక్కడ నున్నది అని అందులో వ్రాసి యుండును. సూచిక చెడినచో విండోసునకు ఏమియు కనబడదు. కాని డిజైనులు లోపలనే యుండును, వాని మీద మరియొకటి వ్రాయనంత వరకు.

ఇక ల్యాప్‌టాపులో ఉండు డిస్కులు ఒకే తీరువి కావు. పాతవానిలో తిరుగు పళ్లెములు గల హార్డ్‌డిస్కు ఉండును. అది నిమిషమునకు 5400 గాని 7200 గాని చుట్లు తిరుగును. పళ్లెమునకు తగలకుండ, వెంట్రుక మందములో వేయవ వంతు కూడ లేని ఎత్తులో చదువు ముల్లు తేలుచుండును. రెండవది ఎస్.ఎస్.డి. ఇందులో తిరుగునది ఏమియు లేదు. ఇది ఒకప్పుడు పాత డిస్కు ఆకారముననే వచ్చును. మరియొకప్పుడు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గల చిన్న పట్టీగా వచ్చును. దీనిని ఎం. 2 అందురు. మూడవది, చౌక యంత్రములలో పలకకే అతికి యుండు ఇ.ఎం.ఎం.సి. దీనిని ఊడదీయుటకు వీలులేదు. మీ యింటి యంత్రములో ఏది యున్నదో కొన్న రసీదు చూచి ఇప్పుడే తెలిసికొనుడు. చెడిన పిమ్మట వెదకుట కష్టము.

డిస్కు కనబడలేదనగానే మొదట చేయవలసినది చాల చిన్న పని. ల్యాప్‌టాపునకు తగిలించిన పెన్‌డ్రైవులన్నియు తీసివేయుడు. నవ్వవలదు. మనవారు డిజైనును జాకార్డు కంట్రోలరునకు పెన్‌డ్రైవులోనే మోసికొనిపోవుదురు. రాత్రి దానిని ల్యాప్‌టాపునకే ఉంచి మరచిపోవుదురు. కొన్ని యంత్రములు ఉదయమున మొదట ఆ పెన్‌డ్రైవునే చూచి, అందులో విండోసు లేదని, "బూట్ చేయుటకు డిస్కు లేదు" అని నిలిచిపోవును. తీసి మరల తెరచినచో మామూలుగా నడచును. ఇట్టి దానికి కూడ దుకాణమునకు డబ్బు కట్టివచ్చినవారిని నేనెరుగుదును.

అది కానిచో, పెట్టెను పూర్తిగా ఆపి, చార్జరు ఊడదీసి, బయటికి వచ్చు బ్యాటరీ అయినచో దానిని కూడ తీసి, పవరు మీటను అర నిమిషము నొక్కి పట్టుకొనుడు. లోపల మిగిలిన విద్యుత్తు పోవును. పిమ్మట చార్జరు తగిలించి తెరచి చూడుడు. ఎస్.ఎస్.డి. గల యంత్రములలో దీనితోనే సరియగుట కద్దు.

అప్పటికిని కనబడనిచో యంత్రమునే అడుగవలెను. విండోసు రాకముందే యంత్రము తన లోపలి సామానును లెక్క చూచుకొనును. ఆ లెక్క చూపు తెరను బయాస్ అందురు. పవరు మీట నొక్కిన వెంటనే ఒక మీటను మరల మరల కొట్టినచో అది వచ్చును. డెల్, ఏసర్, ఆసుస్ యంత్రములలో సాధారణముగ ఎఫ్ 2, హెచ్.పి.లో ఎఫ్ 10. లెనోవోలో ఎఫ్ 1 గాని ఎఫ్ 2 గాని. అక్కడ డిస్కు పేరు, ఎన్ని గిగాబైట్లు అను అంకె కనబడవలెను. అక్కడ ఏదియు మార్చవలదు. చూచి, ఫోనుతో ఫోటో తీసికొని, దాచకుండ బయటికి రండు.

ఈ యొక్క తెరతో రోగము రెండు దారులుగా విడిపోవును. బయాస్‌లోనే డిస్కు పేరు లేనిచో తప్పు శరీరములో నున్నది: తీగ, కొక్కి, లేక డిస్కే. బయాస్‌లో పేరు ఉండి విండోసులో లేనిచో తప్పు చాలవరకు వ్రాతలో నున్నది. మొదటి దారిలో పోవలసినవారు స్క్రూడ్రైవరు పట్టవలెను. రెండవ దారిలో పోవలసినవారు స్క్రూడ్రైవరు ముట్టనక్కరలేదు. దుకాణములలో ఈ విచారణ లేకుండ "కొత్తది వేయుడు" అని చెప్పుట చూచి నాకు కోపము వచ్చుచుండును.

మొదటి దారి. వారంటీలో నున్న యంత్రమును మీరు విప్పవలదు. అట్టిదానిని కంపెనీ వారికే చూపుడు, కాని వారు డిస్కు మార్చినచో పాతది సాధారణముగ వారే ఉంచుకొందురని, అందులోని సరుకు మీకు రాదని ముందే తెలిసికొనుడు. వారంటీ లేనిచో వెనుక మూత విప్పవచ్చును. విప్పుటకు ముందు చార్జరు తీయుడు. మూత తీసిన వెంటనే బ్యాటరీ తీగను దాని కొక్కి నుండి మెల్లగా ఊడదీయుడు. ఇది తప్పించుకొనరాని పని. పాలియెస్టరు నూలు కండెల దగ్గర చేయి పెట్టినప్పుడు చలికాలములో వెంట్రుకలు లేచి చిటపటలాడుట మనకందరికి అనుభవమే. ఆ చిటపట చాలు, ఎస్.ఎస్.డి.ని చెరచుటకు. కావున షెడ్డులో గాక ఇంటిలో, దుప్పటి మీద గాక చెక్క బల్ల మీద పని చేయుడు. చేతితో ముందుగ ఏదేని పెద్ద ఇనుప వస్తువును తాకుడు.

రెండున్నర అంగుళముల డిస్కు అయినచో దానిని పలకకు కలుపు తీగను చూడుడు. కొన్నిటిలో ఇది కాగితమువలె పలుచగా నుండును; చివర చిన్న నల్లని తాళపు పట్టీ యుండును. పట్టీని పైకి లేపి, తీగను తిన్నగా లోపలికి తోసి, పట్టీని దింపవలెను. బలము వద్దు. అచ్చు అతుకునపుడు పోగును పట్టునంత మెత్తగా పట్టవలెను. ఎం. 2 పట్టీ అయినచో ఒక స్క్రూ విప్పగానే అది ఒకవైపు లేచును. బయటికి లాగి, బంగారు పూత గల అంచును చూడుడు. యానాము, బరంపురమువంటి సముద్రపు గాలి తగులు ఊళ్లలో ఈ అంచులు మసక పట్టుట కలదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొంచెము తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఏటవాలుగా మరల లోపలికి పెట్టి, దింపి, స్క్రూ బిగించుడు. తువ్వాలు గుడ్డ వాడవలదు. నూగు లోపల మిగులును.

నూగు మాట వచ్చినది గనుక ఒక సంగతి. మన షెడ్లలో ల్యాప్‌టాపును మగ్గము ప్రక్క బల్ల మీదనే పెట్టి నడుపువారు గలరు. మరమగ్గపు అదురు బల్లకు, బల్ల నుండి డిస్కునకు చేరును. తిరుగు పళ్లెముల డిస్కునకు ఈ అదురు విషము. ముల్లు తప్పుచుండును, కొక్కెములు వదులగుచుండును. నూగు ఫ్యానులో చిక్కి వేడి పెరుగును. ఇంకొకటి: బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాపును తీసివేయక, కరెంటు మీదనే నడుపుచుందురు. షెడ్డులో కరెంటు పోవుట ఎంతసేపు? వ్రాయుచున్న నడుమ కరెంటు పోయినచో సూచికయే సగము వ్రాయబడి నిలుచును. నేను చూచిన సూచిక చెడిన డిస్కులలో ఎక్కువ భాగము చచ్చిన బ్యాటరీతో నడిపినవే. బ్యాటరీ మార్చుటకు వెనుదీయువారు ఈ లెక్క కూడ వేసికొనవలెను.

తీగ సరి చేసినను బయాస్‌లో పేరు రానిచో, డిస్కు చెడినదా లేక ల్యాప్‌టాపు చెడినదా యని తేల్చవలెను. దీనికి డిస్కును ఊడదీసి యు.ఎస్.బి. డబ్బాలో పెట్టి ఇంకొక కంప్యూటరునకు తగిలించుట మంచి మార్గము. ఈ డబ్బా కొన్ని వందల రూపాయలకే దొరకును. రెండున్నర అంగుళముల డిస్కునకు ఒక డబ్బా, ఎన్.వి.ఎం.ఇ. పట్టీకి వేరొక డబ్బా. ఒకటి రెండవదానికి పనికిరాదు. అక్కడ డిస్కు కనబడినచో డిస్కు మంచిదే, ల్యాప్‌టాపు తీగయో పలకయో చెడినది. వెంటనే డిజైనులన్నియు వేరొక డిస్కులోనికి నకలు తీసికొనుడు. ల్యాప్‌టాపు సంగతి తరువాత చూడవచ్చును.

తిరుగు డిస్కు అయినచో చెవి దగ్గర పెట్టి వినుడు. సన్నని గుయ్యిమను శబ్దము వచ్చినచో పళ్లెము తిరుగుచున్నది. ఏ శబ్దమును లేనిచో తిరుగుట లేదు. "టిక్, టిక్" అని గడియారమువలె ఆగి ఆగి కొట్టుచున్నచో ముల్లు చెడినది. ఇట్టి దానిని మరల మరల తెరచుట వలన ముల్లు పళ్లెమును గీచి, ఉన్నది కూడ చెరిపివేయును. వెంటనే కరెంటు తీసి, అట్లే ఉంచి, దుమ్ము లేని గదులలో పని చేయు డేటా రికవరీ వారికే ఇయ్యవలెను. డిస్కును ఫ్రిజ్‌లో పెట్టినచో నడచునని చెప్పుకొందురు. వినవలదు, బయటికి తీయగానే లోపల చెమ్మ పట్టును. మూత విప్పి చూచుట మరియు చెడ్డది. పళ్లెము మీద పడిన ఒక్క నూగు పోగు ఆ ముల్లునకు కొండవంటిది. ఎస్.ఎస్.డి.లో ఇట్టి హెచ్చరిక శబ్దములే లేవు. నిన్న నడచినది నేడు మాటలేక ఆగిపోవును. ఎస్.ఎస్.డి. వాడువారు నకలు విషయమున మరింత జాగ్రత్తగా నుండవలసినది ఇందుచేతనే.

రెండవ దారికి వత్తము: బయాస్‌లో పేరున్నది, కాని విండోసు తెరచుట లేదు, లేక విండోసు తెరచుచున్నది గాని డిజైనులున్న డి డ్రైవు మాత్రము మాయమైనది.

విండోసే తెరచుట లేనిచో, బయాస్‌లో తేదీ చూడుడు. ఎన్నో ఏండ్ల వెనుకటి తేదీ చూపుచున్నచో లోపలి చిన్న నాణెపు బ్యాటరీ అయిపోయినది. దానితో యంత్రము తన అమరికలను మరచి, తాను పుట్టిననాటి అమరికలకు పోవును. విండోసును యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో వేసి యుండగా యంత్రము పాత లెగసీ పద్ధతికి మారినచో, డిస్కు ఉన్నను అందులోని విండోసు దానికి కనబడదు. పూర్వపు పద్ధతికి మార్చి, డిస్కును బూట్ వరుసలో పైకి తెచ్చినచో తెరచుకొనును. నాణెపు బ్యాటరీని కూడ మార్చవలెను, లేనిచో ఇదే కథ మరల జరుగును.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఇటీవలి విండోసు 11 యంత్రములలో అనేకము డిస్కును తమంతట తామే రహస్య లిపిలో దాచును. బయాస్‌లో అమరిక మార్చినను, డిస్కును వేరొక పెట్టెకు తగిలించినను 48 అంకెల తాళపు సంఖ్య అడుగును. దీనిని బిట్‌లాకర్ రికవరీ కీ అందురు. అది మీ మైక్రోసాఫ్టు ఖాతాలో దాచబడి యుండవచ్చును. ఆ ఖాతా ఎవరి పేర, ఏ ఫోను నంబరుతో తెరచిరో తెలియని యిండ్లు చాల గలవు; అమ్మిన దుకాణపు కుర్రవాడు తన ఖాతాతో తెరచి యిచ్చిన యిండ్లు కూడ గలవు. ఆ సంఖ్య లేనిచో డిస్కు ఎంత బాగున్నను డిజైనులు రావు. ల్యాప్‌టాపు మంచిగా నున్న ఈనాడే ఆ సంఖ్యను తీసి, అంగడి చిట్టా పుస్తకపు మొదటి పుటలో చేతితో వ్రాసికొనుడు.

డి డ్రైవు మాత్రము మాయమైనచో, విండోసు గుర్తు గల మీటను, ఎక్స్ మీటను కలిపి నొక్కి, వచ్చిన పట్టికలో "డిస్క్ మేనేజ్‌మెంట్" తెరవుడు. డిస్కులు అక్కడ పట్టీలుగా కనబడును. ఎడమ ప్రక్క "ఆఫ్‌లైన్" అని యున్నచో దాని మీద కుడి మీట నొక్కి "ఆన్‌లైన్" చేయుడు. పట్టీ బాగుగనే యుండి అక్షరము మాత్రము లేనిచో, కుడి మీటతో "ఛేంజ్ డ్రైవ్ లెటర్" అనుదానికి పోయి అక్షరము చేర్చుడు. ఈ రెండును భయము లేని పనులు. అక్కడ అక్షరము లేని చిన్న చిన్న పట్టీలు ఒకటి రెండు కనబడును. అవి యంత్రము తన కొరకు ఉంచుకొన్నవి, వాని జోలికి పోవలదు.

భయపడవలసిన మాటలు నాలుగు. "రా" అని యున్నచో సూచిక చెడినది. "అన్‌అలొకేటెడ్" అని యున్నచో భాగముల గుర్తు పోయినది. "నాట్ ఇనిషియలైజ్డ్" అని యున్నచో సూచికయే చదువుటకు రాలేదు. "ఫార్మాట్ చేయవలెనా" అని అడిగినచో అది ప్రశ్న మాత్రమే, ఆజ్ఞ కాదు. ఈ నాలుగింటికిని జవాబు ఒక్కటే: "క్యాన్సిల్". ఇనిషియలైజ్ అనినచో పాత సూచిక మీద కొత్త సూచిక వ్రాయబడును. కొత్త వాల్యూము చేసినను అంతే. అప్పుడే దుకాణములో కొన్న ఖాళీ డిస్కునకు మాత్రము ఇనిషియలైజ్ చేయవలసినదే. చేయనిదే అది విండోసులో కనబడదు. పాత డిస్కునకు విషమైనది కొత్త డిస్కునకు అవసరమగుట వలననే మనవారు పొరపడుచున్నారు.

ఇట్టి డిస్కు నుండి సరుకు తీయుటకు టెస్ట్‌డిస్క్ అను ఉచితమైన సాధనము కలదు. పోయిన భాగముల గుర్తులను వెదకి చూపును. దానికి జంటగా ఫోటోరెక్ అను మరియొకటి కలదు. అది సూచికను చూడకయే ఫైళ్లను ఏరును, కాని ఫైళ్ల పేర్లు రావు. వేయి డిజైనులు పేరు లేకుండ వచ్చినచో వానిని గుర్తు పట్టుట ఒక యజ్ఞమే, అయినను గుడ్డ మీద పోగులు లెక్కించుటకంటె నయము. ఏది వాడినను ముందు చెడిన డిస్కునకు పూర్తి నకలు తీసి, నకలు మీదనే పని చేయవలెను. దొరికిన ఫైళ్లను ఎన్నటికిని అదే డిస్కు మీద దాచరాదు. డిస్కు చదువుట మెల్లమెల్లగా ఆగుచున్నచో, లినక్సులోని డి.డి.రెస్క్యూ అను సాధనము చదవగలిగినంత ముందు తీసికొని, కష్టమైన చోట్లకు తరువాత వచ్చును. ఇది తెలిసినవారి చేతనే చేయించుట మేలు.

కొత్త ఎస్.ఎస్.డి. కొని తెచ్చి వేసినను కనబడలేదని వచ్చువారు కొందరు. ఎం. 2 పట్టీలలో సాటా జాతి వేరు, ఎన్.వి.ఎం.ఇ. జాతి వేరు. రెండును ఒకే గూటిలో చాలవరకు ఇముడును, కాని గూడు ఏ జాతికి చేసినదో ఆ జాతినే పలుకరించును. ఇందులో డిస్కు తప్పును లేదు, యంత్రము తప్పును లేదు. కొనుటకు ముందు ల్యాప్‌టాపు మోడలు నంబరు వ్రాసికొని పోయి, ఏ జాతి పట్టునో అడిగి కొనుడు. ఇంటెల్ 11వ తరము, ఆ తరువాతి యంత్రములలో మరియొక చిక్కు. కొత్తగా విండోసు వేయుచుండగా "డ్రైవు ఏదియు లేదు" అని చెప్పును. అది వి.ఎం.డి. అను అమరిక వలన. ల్యాప్‌టాపు కంపెనీవారి చోటు నుండి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవరును పెన్‌డ్రైవులోనికి దింపుకొని, "లోడ్ డ్రైవర్" అను చోట చూపినచో డిస్కు వెంటనే కనబడును. నడచుచున్న యంత్రములో మాత్రము ఈ అమరికను తీసివేయవలదు. విండోసు తెరచుకొనక నీలి తెర వచ్చును.

డిస్కు మరల కనబడిన పిమ్మట ఊరకుండక, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అను ఉచిత సాధనముతో దాని ఆరోగ్యము చూడుడు. తిరుగు డిస్కులలో 05, సి5 అను వరుసల ఎదుట సున్న ఉండవలెను; అంకెలు పెరుగుచున్నచో డిస్కు ముసలిదైనదని అర్థము, ఆ వారములోనే మార్చుడు. సి7 వరుస మాత్రము పెరుగుచున్నచో అనుమానింపవలసినది ముందుగ తీగను. ఇంతకుముందు చెప్పిన మొదటి కుటుంబపు డిస్కులో సి7 వరుస తప్ప మిగిలినవన్నియు సున్నలే. ఆ డిస్కునే దుకాణమువారు చచ్చినదనిరి.

ఎంత చూచినను మన వలన కాక దుకాణమునకు ఇయ్యవలసి వచ్చినపుడు, డిస్కు మీది సీరియల్ నంబరును ఫోటో తీసి ఉంచుకొనుడు. రసీదు మీద ఆ నంబరు, "అడుగకుండ ఫార్మాట్ చేయరాదు, పాత డిస్కు తిరిగి యియ్యవలెను" అను మాటలు వారి చేతనే వ్రాయించి సంతకము పెట్టించుడు. వ్రాయుటకు ఇష్టపడని దుకాణమైనచో పెట్టెను చంకన పెట్టుకొని తదుపరి దుకాణమునకు నడువుడు.